ఒక కణం, ఒక రోగనామం: ఆరోగ్యవరం నుండి శంషాబాదు వరకు ‘ఇస్నోఫీలియా’ చరిత్ర

వ్యాస సంగ్రహం

తెలుగు ప్రాంతాలలో దగ్గు, ఆయాసం, పిల్లికూతలతో బాధపడేవారు తమ వ్యాధికి తరచుగా చెప్పుకొనే పేరు ‘ఇస్నోఫీలియా’. వైద్యశాస్త్రంలో ఇది వ్యాధి పేరు కాదు. రక్తంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు మోతాదు మించిన స్థితికి అది సంకేతం మాత్రమే. ఒక పరీక్షాఫలితం పేరు జనవ్యవహారంలో రోగం పేరుగా ఎలా స్థిరపడిందో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1940లో మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయవైద్యశాల నుండి వెలువడిన పరిశోధన, యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైన హెట్రజాన్ మందు, వాయునాళాల వాపులో రోగనిరోధక కణాల పాత్రపై వచ్చిన అవగాహన, నేటి శంషాబాదు పరిసరాల జీవనస్థితి అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: ఉబ్బసం, ఇసినోఫిల్, ఆరోగ్యవరం, యల్లాప్రగడ సుబ్బారావు, ఫైలేరియా, అలర్జీ, రోగనామాలు, శంషాబాదు.

1. ఉపోద్ఘాతం

వ్యాధుల చరిత్రను సాధారణంగా వైద్యులు, మందులు, మహమ్మారుల చరిత్రగా రాస్తారు. కాని ప్రతి వ్యాధికీ ఒక భాషాచరిత్ర కూడా ఉంటుంది. రోగి తన బాధకు ఏ పేరు పెట్టుకుంటాడో దానిని బట్టి అతడు ఎవరి దగ్గరకు వెళ్తాడు, ఏ మందు వాడతాడు, ఎన్నాళ్లు వాడతాడు, ఇతరులకు ఏమని చెబుతాడు అనేవి నిర్ణయమవుతాయి. క్షయను ‘క్షయ’ అని, కుష్ఠును ‘కుష్ఠు’ అని పలకడానికి మన సమాజం ఎంతకాలం జంకిందో తెలిసిందే. అదే విధంగా ‘ఆస్తమా’ అనడానికి జంకేవారు ‘ఇస్నోఫీలియా’ అనడానికి జంకరు. పెండ్లి సంబంధాలు చూసే ఇళ్లలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఆస్తమా అంటే వదలని జబ్బు, ఇస్నోఫీలియా అంటే మందుతో పోయే జబ్బు అనే భావన దీని వెనుక ఉంది.

ఈ భావన కేవలం అజ్ఞానం నుండి పుట్టింది కాదు. దాని వెనుక నిజమైన వైద్యచరిత్ర ఉంది. ఇసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగి, ఉబ్బసాన్ని పోలిన లక్షణాలు కనిపించి, మూడు వారాల మందుతో చాలామందిలో తగ్గిపోయే వ్యాధి ఒకటి నిజంగానే ఉంది. దానిని క్షయ నుండి వేరుచేసి చూపిన తొలి పరిశోధనలలో ముఖ్యమైనది తెలుగునేల మీదనే జరిగింది. ఆ వ్యాధికి సరిపోయే మాట క్రమంగా ఉబ్బసానికి కూడా వ్యాపించడమే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

2. మాటల పూర్వరంగం: తమకశ్వాస, ఉబ్బసం, దమ్ము

చరకసంహిత శ్వాసరోగాలను ఐదుగా విభజించింది. అవి మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీటిలో తమకశ్వాస లక్షణాలు నేటి ఉబ్బసానికి చాలా దగ్గరగా ఉంటాయి. పడుకుంటే ఆయాసం పెరగడం, కూర్చుంటే ఉపశమనం కలగడం, మబ్బు పట్టినప్పుడు, వానలో, చలిలో, తూర్పుగాలిలో బాధ ఎక్కువ కావడం వంటివి అందులో వర్ణితమయ్యాయి. సాధ్యాసాధ్య విచారణలో తమకశ్వాసను ‘యాప్యం’ అన్నారు. పూర్తిగా పోకపోయినా చికిత్సతో అదుపులో ఉంచదగినది అని దాని అర్థం. కొత్తగా వచ్చినదైతే సాధ్యమనీ చెప్పారు. సాధ్యం, అసాధ్యం అనే రెండు గదుల మధ్య ‘యాప్యం’ అనే మూడవ గది ఒకటి మన పాత వైద్యభాషలో ఉండేదన్న సంగతి గమనార్హం. ఈ మాట వాడుకలో నుండి జారిపోవడం వల్ల కలిగిన లోటును వ్యాసం చివర మరల ప్రస్తావిస్తాను.

జనవ్యవహారంలో ‘ఉబ్బసం’ అనే మాటలో ఉబ్బు వినబడుతుంది. ఊపిరి లోపలికి పోయి బయటకు రాక రొమ్ము పొంగినట్లుండే అనుభవానికి అది తగిన మాట. తెలంగాణలో ‘దమ్ము’ అంటారు. ఊపిరి అనే అర్థమున్న పారసీక పదం నుండి వచ్చిన ఈ మాట శ్వాసకూ, శ్వాసబాధకూ కూడా చెల్లుతుంది. హైదరాబాదు ఉర్దూలోని ‘దమా’ దీని తోబుట్టువే. ‘పిల్లికూతలు’ అనే మాట వైద్యుడు స్టెతస్కోపుతో వినేదానిని ఇంట్లోవారు చెవితోనే గుర్తించి పెట్టుకున్న పేరు. ఈ పదాలన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉంది. ఇవి రోగి అనుభవించేదానికి, పక్కవారు వినేదానికి పెట్టిన పేర్లు. ‘ఇస్నోఫీలియా’ మాత్రం రోగి అనుభవించేది కాదు, పక్కవారు వినేదీ కాదు. అది సూక్ష్మదర్శిని కింద ఒకరు లెక్కించి కాగితం మీద రాసి ఇచ్చేది.

3. రంగు పట్టిన కణం

ఇసినోఫిల్ అనే పేరు జర్మనీలో పుట్టింది. 1879లో పాల్ ఎర్లిక్ అనే యువ వైద్యుడు రక్తపు పూతలకు రకరకాల కృత్రిమ రంగులు పట్టించి చూస్తున్నప్పుడు, కొన్ని తెల్లకణాలలోని రేణువులు ఇయోసిన్ అనే ఎర్రరంగును గాఢంగా పీల్చుకోవడం గమనించాడు. ఇయోసిన్‌ను ప్రేమించేది అనే అర్థంలో ఆ కణానికి ఇసినోఫిల్ అని పేరు పెట్టాడు. ఇయోసిన్ అనే రంగు పేరు గ్రీకుల ఉదయదేవత ‘ఇయోస్’ పేరుతో ముడిపడినది. భాషాశాస్త్రం ప్రకారం గ్రీకు ఇయోస్, సంస్కృత ఉషస్సు ఒకే మూలం నుండి వచ్చిన పదాలు. పదచరిత్రను బట్టి చూస్తే మన రక్తంలోని ఈ కణం ‘ఉషఃప్రియ’ అనుకోవచ్చు. మాస్ట్ కణాలను కూడా ఎర్లిక్ అంతకు ఒక ఏడాది ముందు, 1878 నాటి తన సిద్ధాంతవ్యాసంలో వర్ణించాడు. అలర్జీ వాపులో ప్రధానపాత్ర వహించే రెండు కణాలూ ఒకే వ్యక్తి రంగుల ప్రయోగాల నుండి వెలుగులోకి వచ్చాయి.

ఆ కణాలు ఏం చేస్తాయో అప్పటికి తెలియదు. కాని ఉబ్బసరోగుల కఫంలో సూదిమొనల స్ఫటికాలు కనిపిస్తాయని 19వ శతాబ్దంలోనే గమనించారు. ఫ్రాన్సులో షార్కో, జర్మనీలో లైడెన్ వర్ణించినందువల్ల వాటికి షార్కో-లైడెన్ స్ఫటికాలు అని పేరు వచ్చింది. అవి ఇసినోఫిల్ కణాలలోని ప్రోటీనుతో ఏర్పడినవని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. 1906లో వియన్నా వైద్యుడు ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అనే పదాన్ని సృష్టించాడు. రక్షణకోసం ఉన్న వ్యవస్థే కొన్నిసార్లు బాధకు కారణమవుతుందన్న ఆలోచన ఆ పదంతో వైద్యభాషలో ప్రవేశించింది. 1932లో జ్యూరిక్‌లో లోఫ్లర్ ఊపిరితిత్తులలో వచ్చిపోయే మచ్చలతోపాటు రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరిగే స్థితిని వర్ణించాడు. ఆరోగ్యవరం పరిశోధనకు ఇది ప్రపంచ నేపథ్యం.

4. ఆరోగ్యవరం: క్షయ కాని క్షయ

నాటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె పొడిగాలికి, చల్లదనానికి పేరుపొందింది. 20వ శతాబ్దం రెండవ దశకంలో వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి ఆ ఊరికి దగ్గరలో యూనియన్ మిషన్ క్షయవైద్యశాలను నెలకొల్పాయి. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమట్-మోలర్ దానికి సారథి. ఆ స్థలమే ఆరోగ్యవరం. ఊరి పేరే ఒక ఆశ్వాసం.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయకు నికరమైన మందు లేదు. విశ్రాంతి, గాలి, వెలుతురు, మంచి తిండి, కొందరికి రొమ్ములోకి గాలి పంపి ఊపిరితిత్తిని అణచి ఉంచే పద్ధతి, ఇవే చికిత్స. క్షయ అని నిర్ధారణ అయితే నెలల తరబడి, ఏళ్ల తరబడి ఇల్లు విడిచి ఉండాలి. ఉద్యోగం పోతుంది, పిల్లలకు దూరం కావాలి, తిరిగివచ్చినా పాత్ర వేరుగా ఉంటుంది. కాబట్టి ‘ఇది క్షయయా, కాదా’ అనే ప్రశ్న వైద్యశాస్త్రపు ప్రశ్న మాత్రమే కాదు, ఒక మనిషి సంసారజీవితానికి సంబంధించిన ప్రశ్న.

ఇటువంటి వైద్యశాలలో కొందరు రోగులు లెక్కకు అందకుండా మిగిలారు. దగ్గు ఉంది, సన్నని జ్వరం ఉంది, బరువు తగ్గింది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా చుక్కలు చల్లినట్లున్నాయి. కాని కఫంలో క్షయక్రిమి లేదు. రాత్రిపూట ఉబ్బసం వంటి ఆయాసం వస్తుంది. రక్తపరీక్షలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా ఉన్నాయి. ఫ్రిమట్-మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి ఈ స్థితిని క్షయ నుండి వేరుచేసి, 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వ్యాసం ప్రకటించారు. ఆ వ్యాస శీర్షికను తెలుగులో ‘ఇసినోఫిలియాతో కూడిన మిథ్యాక్షయ స్థితి’ అని చెప్పుకోవచ్చు.

ఈ శీర్షికను జాగ్రత్తగా చదవాలి. వారు ‘ఇసినోఫిలియా’ను రోగం పేరుగా వాడలేదు. రోగస్థితి ఒకటి, దానితో కూడివచ్చే గుర్తు ఇసినోఫిలియా. గుర్తు సహాయంతో రోగిని క్షయ అనే ముద్ర నుండి తప్పించడం వారి పరిశోధన సాధించిన ఫలితం. క్షయకోసం కట్టిన వైద్యశాల, క్షయ కానిదానిని గుర్తించడంలో తన నిజాయితీని చూపింది. ఎక్స్‌రే చెప్పినదానితో ఆగక రక్తపుపూతను కూడా చూసి, కణాలను ఓపికగా లెక్కించడం వల్లనే అది సాధ్యపడింది.

5. పేరు మారడం, మందు దొరకడం

మూడేళ్ల తరువాత, 1943లో, వైన్‌గార్టెన్ అనే వైద్యుడు భారతదేశంలో చూసిన ఇటువంటి రోగులను గురించి లాన్సెట్ పత్రికలో వ్యాసం రాశాడు. ‘ట్రాపికల్ ఇసినోఫిలియా’ అనే పేరును ఆ వ్యాసమే స్థిరపరచింది. ఆ స్థితికి వైన్‌గార్టెన్ వ్యాధి అని కూడా పేరు వచ్చింది. ఇక్కడ రెండు మార్పులు జరిగాయి. మొదటిది, ‘మిథ్యాక్షయ స్థితి’ అనే భాగం రాలిపోయి, గుర్తుగా ఉన్న ఇసినోఫిలియాయే వ్యాధినామమైంది. రెండవది, ఆరోగ్యవరం పేరు వెనుకకు జరిగింది. లండన్ పత్రికలో అచ్చయిన రచన లోకమంతా చదివింది, కలకత్తా పత్రికలో అచ్చయినది తక్కువమంది చదివారు. వలసకాలపు విజ్ఞానచరిత్రలో ఇది కొత్త సంగతి కాదు.

వైన్‌గార్టెన్ ఈ వ్యాధికి ఆర్సెనిక్ మందు పనిచేస్తుందని చెప్పాడు. ఈ వ్యాధితోపాటు సిఫిలిస్ కూడా ఉన్న రోగికి నియోసాల్వర్సాన్ ఇచ్చినప్పుడు ఊపిరితిత్తుల బాధ కూడా తగ్గడం ఆయనకు దారి చూపింది. సాల్వర్సాన్, నియోసాల్వర్సాన్ మందులను రూపొందించినవాడు పాల్ ఎర్లిక్. ఇసినోఫిల్ కణానికి పేరుపెట్టినవాడూ ఆయనే. 1879లో ఆయన రంగు గుర్తించిన కణం అతిగా పెరిగిన వ్యాధికి, 1943 నాటికి ఆయన మందే చికిత్సగా మారింది. అయితే ఆర్సెనిక్ విషం. దానికంటె సురక్షితమైన మందు అవసరం మిగిలే ఉంది.

6. యల్లాప్రగడ సుబ్బారావు మందు

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య ముగించి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1923లో అమెరికా చేరాడు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి చేసిన భాస్వర పరిశోధనలు, తరువాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మొదలైనవాటిపై ఆయన నాయకత్వంలో జరిగిన కృషి ప్రసిద్ధమే. రెండవ ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులలో ఫైలేరియా కనిపించడంతో దానికి మందు వెతకవలసిన అవసరం ఏర్పడింది. లెడర్లీలో సుబ్బారావు బృందం వెలికితీసిన డైఇథైల్ కార్బమజీన్ 1947లో ప్రకటితమైంది. దాని వ్యాపారనామం హెట్రజాన్. గోదావరి మండలం వంటి బోదకాలు పీడిత ప్రాంతంలో పుట్టిన పరిశోధకుని బృందం నుండి ఆ వ్యాధికి మందు రావడం తెలుగువారు గుర్తుంచుకోదగిన సంగతి.

1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్కులో మరణించాడు. తన మందు ట్రాపికల్ ఇసినోఫిలియాకు కూడా పనిచేస్తుందన్న సంగతి ఆయన జీవించి ఉండగా తేలలేదు. 1950లలో భారతదేశంలోనూ, సింగపూరులోనూ వైద్యులు హెట్రజాన్‌తో ఈ వ్యాధిని నయంచేశారు. ఫైలేరియా మందు దీనికి పనిచేయడం ఫైలేరియాతో దీనికున్న సంబంధాన్ని సూచించింది. 1958లో బక్లీ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త జరిపిన ప్రయోగంలో, ఫైలేరియా జాతి క్రిముల వల్ల స్వచ్ఛంద వ్యక్తిలో ఇటువంటి స్థితి ఏర్పడింది. 1960లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన వెబ్, జాబ్, గాల్ట్ రోగుల ఊపిరితిత్తులు, కాలేయం, శోషగ్రంథులలో ఫైలేరియా శిశుక్రిములను చూపించారు. రక్తంలో అవి ఎందుకు కనిపించవో కూడా దీనితో అర్థమైంది. ఈ రోగుల శరీరం ఆ శిశుక్రిములను రక్తంలో తిరగనివ్వకుండా ఊపిరితిత్తులలోనే పట్టి చంపుతుంది. ఆ పోరులో ఊపిరితిత్తి రణరంగమవుతుంది.

ఆరోగ్యవరంలో 1940లో మొదలైన ప్రశ్నకు 20 ఏళ్ల తరువాత వేలూరులో సమాధానం దొరికింది. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం బస్సు ప్రయాణమంత.

7. వాయునాళంలో కణాల పని

ఫైలేరియా వల్ల వచ్చే ఈ వ్యాధి ఉబ్బసాన్ని ఎందుకు పోలి ఉంటుందన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు రోగనిరోధక కణాల పనితీరులో ఉంది.

పుప్పొడి గాని, పరుపులలోని ధూళిపురుగుల విసర్జన గాని శ్వాసతో లోపలికి చేరినప్పుడు, వాయునాళపు పొరలో కావలి ఉండే డెండ్రైటిక్ కణాలు దానిని పట్టి, శోషగ్రంథులలోని టి-కణాలకు చూపుతాయి. అలర్జీ తత్వం ఉన్నవారిలో ఆ టి-కణాలు రెండవరకం సహాయక కణాలుగా మారతాయి. సహాయక టి-కణాలలో రెండు తెగలు ఉన్నాయని 1986లో మాస్‌మన్, కాఫ్‌మన్ ఎలుకల కణాలలో చూపారు. రెండవరకం కణాలు ఇంటర్‌ల్యూకిన్ అనే రసాయనసందేశాలను పంపుతాయి. ఇంటర్‌ల్యూకిన్-4 ప్రేరణతో బి-కణాలు ఐజీఇ ప్రతిరక్షకాన్ని తయారుచేస్తాయి. 1960లలో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెనిక్ విడివిడిగా కనుగొన్న ప్రతిరక్షకం ఇదే. అది మాస్ట్ కణాల మీద కూర్చుంటుంది. అదే పుప్పొడి మరల వచ్చినప్పుడు మాస్ట్ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కుమ్మడిగా వదలుతాయి. నిమిషాలలో వాయునాళం బిగుసుకుంటుంది. ఇది మొదటి దశ.

కొన్ని గంటల తరువాత రెండవ దశ వస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5 ప్రేరణతో ఎముకమజ్జలో తయారైన ఇసినోఫిల్ కణాలు రక్తం ద్వారా వచ్చి వాయునాళపు గోడలో చేరతాయి. వాటి రేణువులలోని ప్రోటీన్లు క్రిములను చంపడానికి పనికివచ్చేవే. క్రిమి లేనిచోట అవి సొంతపొరనే గాయపరుస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-13 వల్ల జిగురుకఫం పెరుగుతుంది, నాళం చిన్న ప్రేరణకు కూడా బిగుసుకునే స్థితికి వస్తుంది. ఉబ్బసరోగి పగలు బాగుండి రాత్రి లేచి కూర్చోవడం వెనుక ఈ ఆగని వాపు ఉంది. బిగుసుకున్న నాళాన్ని వదులుచేసే మందు ఒక్కటే సరిపోక, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను రోజూ వాడవలసి రావడానికి కారణమూ ఇదే.

ఇప్పుడు ఫైలేరియా విషయానికి వద్దాం. పరాన్నజీవులైన పురుగులను ఎదుర్కొనడం ఈ రెండవరకం కణవ్యవస్థకున్న సహజమైన పనులలో ఒకటి. ఫైలేరియా శిశుక్రిమి ఊపిరితిత్తిలో చిక్కినప్పుడు కదిలేదీ, పుప్పొడి తగిలినప్పుడు కదిలేదీ ఒకే సైన్యం. ఒకచోట నిజమైన శత్రువు ఉంది, మరొకచోట శత్రువు లేడు. బయటకు కనిపించే లక్షణాలు మాత్రం ఒకటే. ఆరోగ్యసాధారణంలో రక్తపు ఒక మైక్రోలీటరుకు ఇసినోఫిల్ కణాలు 500 లోపు ఉంటాయి. ఉబ్బసంలో కొంత పెరగవచ్చు, పెరగకనూ పోవచ్చు. ట్రాపికల్ ఇసినోఫిలియాలో 3,000 దాటడం నిర్ధారణ లక్షణాలలో ఒకటి. మద్రాసు క్షయ పరిశోధన కేంద్రం, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి జరిపి 1987లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ రోగుల ఊపిరితిత్తులను కడిగి తీసిన ద్రవంలోని కణాలలో దాదాపు సగం ఇసినోఫిల్ కణాలే అని తేలింది. హెట్రజాన్ చికిత్సతో అవి త్వరగా తగ్గాయి. అయినా కొందరిలో తక్కువస్థాయి వాపు తరువాత కూడా మిగులుతుందని ఆ కృషికి కొనసాగింపుగా వచ్చిన పరిశోధనలు హెచ్చరించాయి.

ఉబ్బసమంతా ఒకే రకం కాదన్న సంగతి కూడా ఇదే కణం ద్వారా తెలిసింది. 1958లో ఇంగ్లండు వైద్యుడు మారో బ్రౌన్, కఫంలో ఇసినోఫిల్ కణాలున్న ఉబ్బసరోగులకే స్టెరాయిడ్ బాగా పనిచేస్తుందని చూపాడు. 2015లో ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే ఇంజెక్షనుకు అమెరికాలో అనుమతి లభించింది. అది కూడా ఇసినోఫిల్ కణాలు ఎక్కువగా ఉన్న తీవ్ర ఉబ్బసరోగులకే. కాబట్టి కణాల లెక్కకు విలువ ఉంది. ఆ లెక్క ఒక ఆధారం. తీర్పు ఇవ్వడానికి అది ఒక్కటే చాలదు.

8. జనవ్యవహారం: శంషాబాదు పరిసరాలు

1950ల తరువాత తెలుగు ప్రాంతాలలో హెట్రజాన్ అందుబాటులోకి వచ్చింది. దగ్గు, ఆయాసం ఉండి రక్తపరీక్షలో ఇసినోఫిల్ శాతం పెరిగిందని తేలితే ఆ మాత్రలు రాయడం వైద్యవాడుకగా మారింది. ఫైలేరియా ఉన్న కోస్తా ప్రాంతంలో అది చాలాసార్లు సరైన పనే. కాని ఆ వాడుక, దానితోపాటు ఆ పేరు, ఫైలేరియాతో సంబంధం లేని రోగులకు కూడా వ్యాపించింది. ‘ఇస్నోఫీలియా’ తెలుగు మాటగా స్థిరపడడానికి ఈ వైద్యవాడుకయే ముఖ్యకారణమని భావించవచ్చు. వైద్యుడు చెప్పిన ఇంగ్లీషు పదాలలో మన జనం నోట నిలిచినవి తక్కువ. బీపీ, షుగరు వంటివి నిలిచాయి. గమనిస్తే అవి కూడా పరీక్షల పేర్లే. కొలిచి చూపినదానిని రోగంగా నమ్మడం ఆధునిక రోగనామాల లక్షణమేమో అనిపిస్తుంది.

శంషాబాదు పరిసరాలను ఈ దృష్టితో చూడవలసిన అవసరం ఉంది. 2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుండి ఇక్కడికి మారింది. బేగంపేటకు కూడా ఈ చరిత్రతో ఒక దూరపు బంధుత్వం ఉంది. దోమ ఫైలేరియాక్రిమిని మోస్తుందని చూపిన పాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహంతోనే, 1897లో సికిందరాబాదులో పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ దోమలో మలేరియాక్రిమిని గుర్తించాడు. ఆయన స్మారకభవనం పాత విమానాశ్రయానికి దగ్గరలోనే ఉంది. విమానాశ్రయం రాకతో శంషాబాదు చుట్టూ వర్షాధారపు చేలు ప్లాట్లుగా, గోదాములుగా, విశాలమైన రోడ్లుగా మారాయి. సాగు ఆగి, ఇల్లు లేవని ఖాళీ ప్లాట్లు వయ్యారిభామకు పుట్టినిల్లు. ఉష్ణమండల అమెరికా నుండి వచ్చి 1950ల మధ్యలో పుణే ప్రాంతంలో తొలిసారి గమనింపబడిన ఈ మొక్క చర్మానికి, ముక్కుకు, ఊపిరికి అలర్జీ కలిగించేవాటిలో ఒకటి. దానికి ఇంత అందమైన పేరు పెట్టిన తెలుగువాడి వ్యంగ్యం మెచ్చదగినదే.

ఈ ప్రాంతానికి మరొక ప్రత్యేకత వలస. నిర్మాణపు పనికి, గోదాముల్లో, హోటళ్లలో, విమానాశ్రయపు సేవల్లో పనికి వచ్చినవారిలో కోస్తా జిల్లాలవారు, బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వారు ఉంటారు. వీటిలో ఫైలేరియా ఉన్న ప్రాంతాలూ ఉన్నాయి. రాత్రిదగ్గుతో వచ్చిన ఒక కూలీకి ఉబ్బసం ఉండవచ్చు, క్షయ ఉండవచ్చు, ట్రాపికల్ ఇసినోఫిలియా కూడా ఉండవచ్చు. ఆరోగ్యవరం వైద్యుల ముందు నిలిచిన చిక్కుముడే ఇది. ‘నీది ఏ ఊరు, అక్కడ ఎన్నాళ్లున్నావు’ అనే ప్రశ్న లేకుండా కేవలం రక్తపరీక్ష కాగితం చూసి మందు రాస్తే, ఆ చిక్కుముడి విడదు. క్షయ ఉన్నవానికి ఇస్నోఫీలియా మాత్రలు ఇచ్చి కాలం గడపడం, ఉబ్బసం ఉన్నవానికి అవే మాత్రలు ఏటేటా ఇవ్వడం, నిజమైన ట్రాపికల్ ఇసినోఫిలియా ఉన్నవానికి ఇన్‌హేలర్ మాత్రమే ఇవ్వడం, మూడూ హానికరమే.

పాతనగరం నుండి శంషాబాదుకు వచ్చే దారిలోని కాటేదాన్ క్రీడాప్రాంగణంలో కొన్నేళ్లపాటు మృగశిర కార్తెనాడు చేపమందు పంపిణీ జరిగింది. దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబం 1845 నుండి ఈ మందు ఇస్తున్నట్లు చెబుతుంది. కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి మింగించే ఈ పద్ధతికి దూరరాష్ట్రాల నుండి కూడా జనం వస్తారు. ఇది ఉబ్బసాన్ని నయంచేస్తుందనడానికి వైద్యశాస్త్రం అంగీకరించిన ఆధారం లేదు. అయినా ఆ వరుసలలో నిలబడినవారిని తేలికగా చూడరాదు. ‘మీ రోగాన్ని అదుపులో ఉంచవచ్చు’ అన్న మాట వారికి చాలదు, ‘పోతుంది’ అన్న మాట కావాలి. ఇస్నోఫీలియా అనే మాటకు జనాదరణ కలగడంలోనూ ఇదే కోరిక ఉంది. ఎందుకంటే ఆ పేరుగల అసలు వ్యాధి చాలామందిలో నిజంగానే పోయింది.

9. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలను ఇలా సమీకరించవచ్చు.

మొదటిది, ఇసినోఫిల్ కణాలకు, ఊపిరితిత్తుల బాధకు ఉన్న సంబంధాన్ని గుర్తించిన చరిత్రలో ఆరోగ్యవరానికి ప్రథమగణ్యమైన స్థానం ఉంది. వ్యాధినామంలో ఆ స్థానం ప్రతిఫలించలేదు. తెలుగులో వైద్యచరిత్ర రాసేవారు ఈ లోపాన్ని పూరించవలసి ఉంది.

రెండవది, 1940 నాటి వ్యాసంలో గుర్తుగా ఉన్న పదం 1943 నాటికి వ్యాధినామంగా, 1950ల తరువాత తెలుగు జనవ్యవహారంలో ఉబ్బసానికి మారుపేరుగా పరిణమించింది. అర్థవిపరిణామంలో దీనిని అర్థవ్యాకోచానికి ఉదాహరణగా చూపవచ్చు. సాధారణంగా అర్థవ్యాకోచం వల్ల ఎవరికీ హాని ఉండదు. ‘నూనె’ అనే మాట నువ్వులనూనె నుండి అన్ని నూనెలకూ వ్యాపించినందువల్ల ఎవరూ నష్టపోలేదు. ఇక్కడ మాత్రం పేరుతోపాటు మందు కూడా వ్యాపించింది.

మూడవది, ఒకనాడు కణాల లెక్క రోగిని క్షయ అనే ముద్ర నుండి విడిపించింది. నేడు అదే లెక్క ఉబ్బసరోగికి సరైన చికిత్స అందకుండా అడ్డుపడే ముద్రగా మారుతున్నది. తప్పు కణానిది కాదు, లెక్కది కాదు. ఆరోగ్యవరం వైద్యులు లెక్కతోపాటు రోగిని, ఎక్స్‌రేను, కఫాన్ని కలిపి చూశారు. మనం లెక్కను మిగుల్చుకొని మిగిలినవి వదులుకున్నాం.

నాలుగవది, భాషాపరంగా చేయదగిన పని ఉంది. కణానికి ‘ఇసినోఫిల్’ అనే పేరును, ఫైలేరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల వ్యాధికి ‘ట్రాపికల్ ఇసినోఫిలియా’ అనే పేరును, అలర్జీవల్ల వచ్చే వాయునాళపు వాపుకు ‘ఉబ్బసం’ లేక ‘దమ్ము’ అనే పేరును విడివిడిగా వాడటం పాఠ్యపుస్తకాలలో, పత్రికలలో, ఆరోగ్యప్రచారంలో అలవాటు కావాలి. ‘యాప్యం’ అనే పాత భావనను కూడా తిరిగి తెచ్చుకోవడం మంచిది. పోయే రోగం, పోని రోగం అనే రెండే గదులుంటే ఉబ్బసరోగికి మిగిలేది భయమో, భ్రమయో. అదుపులో ఉంచుకొని నిండుజీవితం గడపదగిన రోగం అనే మూడవ గది ఉన్నప్పుడు, ఇన్‌హేలర్‌ను చాటుగా వాడవలసిన అవసరం ఉండదు. పెండ్లిచూపులలో పేరు మార్చి చెప్పవలసిన అవసరమూ ఉండదు.